గాలికి కట్టిన మేడలు

'గాలిమేడలు కట్టకు' అని మన పెద్దలు పిల్లలను మందలిస్తూ ఉంటారు. పునాది లేని ఊహలు అల్లుకోవద్దని దాని భావం. అయితే నిజంగానే గాలి కోసం మేడలు కట్టిన సందర్భం ఒకటి కట్టడాల చరిత్రలో ఉన్నది. అవి మనుషులు నివసించే మేడలు కావు. ప్రయోగశాలల అంతస్తులను ఆనుకొని, వాటికంటె ఎత్తుగా లేచి, లోపలి చెడుగాలిని ఆకాశంలోకి వదిలే ఇటుక గోపురాలు. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ ఆవరణలో ఉన్న ఆ కట్టడం పేరు ఆల్‌ఫ్రెడ్ న్యూటన్ రిచర్డ్స్ వైద్య పరిశోధనశాల. దాని రూపకల్పన 1957లో మొదలై, నిర్మాణం 1960 నాటికి పూర్తి అయినది.

ఇరవయ్యవ శతాబ్దపు విశ్వవిద్యాలయ విజ్ఞాన భవనాలలో ఇంతగా పొగడ్తలందుకున్నవి అరుదు. ఇంతగా తిట్లు తిన్నవి కూడా అరుదే. పొగిడినవారు బయట నిలబడి చూసినవారు. తిట్టినవారు లోపల కూర్చొని పనిచేసినవారు. కట్టడం ఒకటే అయినప్పుడు ఈ రెండు మాటలు ఎలా పుట్టాయి? కర్మాగారాలలోను, కార్యాలయాలలోను, క్వార్టర్లలోను జీవితంలో అధికభాగం గడిపే మనకు ఈ ప్రశ్న పరాయిది కాదు. అందుకే ఈ నెల ఈ శీర్షికలో ఆ భవనాన్ని గురించి ముచ్చటించుకుందాం. ఇంజినీరింగు చదవని కుటుంబ సభ్యులకు సైతం అర్థమయ్యే రీతిలో చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ముగ్గురు పెద్దలు

ముందుగా ఆ పేరు ఎవరిదో తెలుసుకోవాలి. ఆల్‌ఫ్రెడ్ న్యూటన్ రిచర్డ్స్ అదే విశ్వవిద్యాలయంలో ఔషధశాస్త్ర ఆచార్యులు. కప్ప మూత్రపిండంలోని కంటికి ఆనని సూక్ష్మభాగం నుండి, వెంట్రుకవంటి గాజు గొట్టంతో ద్రవాన్ని తీసి పరీక్షించి, మూత్రపిండం రక్తాన్ని ఎలా వడపోస్తుందో 1920ల దశకంలో నిరూపించిన బృందానికి ఆయన నాయకులు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా వైద్య పరిశోధన సంఘానికి అధ్యక్షులుగా ఉండి, పెన్సిలిన్ పెద్దయెత్తున తయారు కావడానికి తోడ్పడినారు. 1966లో కన్నుమూసిన ఆయన తన పేరు పెట్టిన భవనాన్ని కళ్ళారా చూడగలిగినారు.

భవనానికి రూపకల్పన చేసినవారు లూయీ కాన్. 1901లో ఎస్తోనియాలో జన్మించి, పసితనంలోనే తల్లిదండ్రులతో ఫిలడెల్ఫియాకు వలస వచ్చినారు. బీద కుటుంబం. యాభైయేళ్ళ వయస్సు దాటేవరకు ఆయనకు చెప్పుకోదగిన పేరు రాలేదు. 1953లో పూర్తి అయిన యేల్ విశ్వవిద్యాలయ చిత్రకళాశాల ఆయనను నలుగురికీ తెలిసేలా చేసినది. రిచర్డ్స్ భవనం ప్రపంచప్రఖ్యాతిని తెచ్చిపెట్టినది.

మూడవ వ్యక్తిని గురించి వాస్తుశిల్ప గ్రంథాలు తక్కువగా చెబుతాయి. మనవంటి ఇంజినీర్లు ఎక్కువగా చెప్పుకోవాలి. ఆయన నిర్మాణ ఇంజినీరు ఆగస్ట్ కోమెండాంట్. ఆయన కూడా ఎస్తోనియాలోనే 1906లో పుట్టి, జర్మనీలో చదివి, యుద్ధానంతరం అమెరికా చేరినారు. ప్రీస్ట్రెస్డ్ కాంక్రీటులో నిపుణులు. కాన్‌తో పద్దెనిమిది సంవత్సరాల సహవాసాన్ని గురించి 1975లో ఒక పుస్తకమే ప్రచురించినారు. శిల్పి ఊహించిన రూపాన్ని నిలబెట్టినవారు ఈయనే.

యజమాని గది, సేవకుల గది

ప్రయోగశాల అంటే కేవలం బల్లలు, సీసాలు కాదు. ఆమ్లాల ఆవిరులు, ద్రావకాల వాసనలు, పరిశోధన కోసం పెంచే జంతువులు, రోగక్రిములు అక్కడ ఉంటాయి. ఒకసారి వాడిన గాలిని మళ్ళీ పీల్చరాదు. ఇంట్లో గదిని చల్లబరిచే యంత్రం ఉన్న గాలినే తిప్పి తిప్పి ఇవ్వవచ్చు. ప్రయోగశాలలో అది కుదరదు. లోపలి గాలిని బయటికి తోసి, అంత పరిమాణంలోను కొత్త గాలిని లోనికి తేవాలి. దానికి తోడు నీరు, వాయువులు, విద్యుత్తు, మురుగు. అందుచేత విజ్ఞాన భవనంలో గొట్టాలు, వాహికలు ఆక్రమించే చోటు అసాధారణమైనది.

అంతకుముందు వీటిని ఎలా అమర్చేవారు? మధ్యలో పొడవైన నడవా, రెండువైపులా వరుస గదులు. గొట్టాలన్నీ నడవా పైకప్పులో దాచి, కింద ఒక పలుచని తొడుగు కప్పు. ఈనాటికీ ఎన్నో కార్యాలయాలలో మనం చూస్తున్నది ఇదే. మన పట్టణాలలో కొత్తగా లేచిన అపార్టుమెంట్ల వెనుకవైపు వెళ్ళి చూడండి. ముందు గోడకు రంగురంగుల పూత, వెనుక గోడ నిండా అడ్డదిడ్డంగా పాకిన మురుగు గొట్టాలు. కట్టేవారు వాటికి ముందుగా చోటు ఆలోచించలేదన్నమాట.

కాన్‌కు ఈ దాపరికం గిట్టేది కాదు. ఆయన భవనంలోని తావులను రెండుగా విభజించినారు. సేవలందుకొనే తావులు ఒకటి, సేవలందించే తావులు రెండవది. మనుషులు పనిచేసే గది మొదటి కోవకు చెందినది. మెట్లు, లిఫ్టులు, గాలి వాహికలు, గొట్టాలు రెండవ కోవకు చెందినవి. రెండవదానిని మొదటిదానిలో ఇరికించరాదు, దానికి తనదైన రూపం, తనదైన చోటు ఉండాలన్నది ఆయన సిద్ధాంతం.

మన పాత మండువా లోగిళ్ళను ఎరిగినవారికి ఇది కొత్తగా తోచదు. సావడి సావడిగానే ఉండేది. నుయ్యి, గాబు, దొడ్డి పెరట్లో తమ చోట తాము ఉండేవి. వంటింటి పొగ పోవడానికి కప్పులో పొగగూడు విడిగా లేచేది. మన ఆలయాలలో సైతం వంటశాలకు, కోనేటికి, రథశాలకు వేరువేరు స్థానాలు. సేవ చేసే చోటును కూడా గౌరవంగా కట్టడం మన పూర్వులకు తెలిసిన విషయమే. కాన్ ఆ గౌరవాన్ని గాలి గొట్టానికి ఇచ్చినారు.

నేల మీద అమరిక

రిచర్డ్స్ భవనంలో మూడు ప్రయోగశాలా శిఖరాలు ఉన్నాయి. ఒక్కొక్కటి 45 అడుగుల చదరం. ఈ మూడూ మధ్యనున్న నాలుగవ శిఖరాన్ని ఆనుకొని నిలుస్తాయి. ఆ నాలుగవది పూర్తిగా సేవకురాలు. లిఫ్టులు, మెట్లు, ప్రయోగ జంతువుల గదులు అందులోనే ఉన్నాయి. తాజా గాలిని లోనికి పీల్చే పెద్ద వాహికలు కూడా దానికే వీపున కట్టినారు. ఇక ప్రయోగశాలా శిఖరాల అంచులకు నిలువెత్తు ఇటుక గోపురాలు అంటి ఉంటాయి. వాటిలో కొన్ని మెట్లదారులు, కొన్ని చెడుగాలి పోయే దారులు. కిటికీ లేని ఆ ఎర్రని గోపురాలను చూసి, ఇటలీలోని సాన్ జిమిగ్నానో అనే పాత పట్టణపు బురుజులు గుర్తుకు వస్తున్నాయని చాలామంది అన్నారు.

ఇందులోని యుక్తి గమనించండి. తాజా గాలిని తీసుకొనే నోరు కింద, నేలకు దగ్గరగా ఉన్నది. చెడుగాలిని వదిలే నోరు పైన, కప్పుకంటె ఎత్తున ఉన్నది. రెండింటి మధ్య దూరమే రక్షణ. వదిలిన విషవాయువు గాలివాటున తిరిగి లోనికి రాకుండా ఉండాలంటే ఈ ఎడబాటు తప్పనిసరి. మన ప్లాంటులో పొగగొట్టం ఎత్తును, ఫ్యానుల గాలి నోళ్ళ స్థానాన్ని నిర్ణయించేటప్పుడు మనం పాటించే సూత్రమే ఇది. కాన్ దానిని నలుగురికీ కనబడే ఆకారంగా మలిచినారు.

బండిచక్రం చెప్పే పాఠం

ఇప్పుడు కోమెండాంట్ పనికి వద్దాం. శాస్త్రజ్ఞుల గదిలో మధ్య స్తంభాలు ఉండరాదని నిబంధన. కనుక 45 అడుగుల చదరాన్ని బయటి అంచు మీది 8 స్తంభాలతోనే మోయాలి. ఒక్కొక్క వైపు రెండేసి స్తంభాలు. అవి మూలలలో లేవు. ప్రతి అంచును మూడు సమభాగాలు చేసి, ఆ భాగించే బిందువుల వద్ద నిలబెట్టినారు. అంటే స్తంభం నుండి మూల వరకు 15 అడుగులు ఏ ఆధారమూ లేకుండా ముందుకు చాచుకొని ఉంటుంది. మూలన స్తంభం లేదు, గాజు పలక ఉన్నది. ఇంటి మూలకు గుంజ ఉండితీరాలని నమ్మే కంటికి ఇది విడ్డూరంగానే తోస్తుంది.

చెట్టుకొమ్మ మొదట లావుగా, చివర సన్నగా ఉంటుంది. బరువువల్ల కలిగే వంపు ప్రభావం మొదట ఎక్కువ, చివర తక్కువ కనుక ప్రకృతి అలా అమర్చినది. రిచర్డ్స్ భవనపు అంచు దూలాలు కూడా స్తంభం వద్ద లోతుగా మొదలై, మూలకు పోయేకొద్దీ మెట్లు మెట్లుగా పలచబడతాయి. మనం కాగితం మీద గీసే బెండింగ్ మూమెంటు పటం అక్కడ కాంక్రీటులో కనబడుతుంది. కళాశాలలో ఈ పాఠం చదువుకొనే విద్యార్థులకు ఆ మూల ఛాయాచిత్రం ఒక్కటి చూపిస్తే చాలును.

నేలను మోసే దూలాలు మామూలు దూలాలు కావు. అవి వీరెండీల్ ట్రస్సులు. బెల్జియం ఇంజినీరు ఆర్థర్ వీరెండీల్ పేరిట ప్రసిద్ధమైనవి. రైలు వంతెనలలోని ట్రస్సులో ఏటవాలు కడ్డీలు ఉండి త్రిభుజాలు ఏర్పడతాయి. వీరెండీల్ ట్రస్సులో ఏటవాలు కడ్డీ ఉండదు. నిచ్చెనను పక్కకు పడుకోబెట్టినట్లు చదరపు గళ్ళే ఉంటాయి. త్రిభుజం లేనందున కీళ్ళు మహా దృఢంగా ఉండాలి. ఖర్చు పెరుగుతుంది, ఉక్కు ఎక్కువ పడుతుంది. అయితే ఆ గళ్ళలో నుండి గాలి వాహికలు, నీటి గొట్టాలు దూసుకుపోవచ్చును. మోసే అవయవమే దారి కూడా ఇస్తుంది. కనుకనే కోమెండాంట్ దానిని ఎన్నుకున్నారు.

ఈ ముక్కలన్నీ స్థలంలో పోతపోసినవి కావు. కర్మాగారంలో అచ్చులలో తయారై, లారీలలో వచ్చి, క్రేనుతో పైకెక్కినవి. విడివిడి కాంక్రీటు ముక్కలు ఒకటిగా ఎలా పనిచేస్తాయి? మన పల్లెలలో బండిచక్రానికి ఇనుప పట్టా వేయడం చూసినవారు దీనిని సులభంగా గ్రహించగలరు. కమ్మరి పట్టాను ఎర్రగా కాల్చి, చక్రం చుట్టూ తొడిగి, నీళ్ళు పోస్తాడు. పట్టా చల్లారి ముడుచుకొని, చెక్క ముక్కలన్నిటినీ బిగించి పట్టుకుంటుంది. అప్పటి నుండి చక్రానికి ఎంత బరువు వచ్చినా కీళ్ళు విడవవు. ప్రీస్ట్రెస్డ్ కాంక్రీటు సూత్రం అదే. కాంక్రీటు నొక్కుడును భరిస్తుంది, లాగుడుకు పగులుతుంది. కాబట్టి ముందుగానే ఉక్కు తీగలతో నొక్కి ఉంచితే, తరువాత వచ్చే లాగుడు ఆ నొక్కుడును తగ్గించడంతోనే సరిపోతుంది. రిచర్డ్స్ భవనంలో ముక్కలలో వదిలిన రంధ్రాల గుండా తీగలు దూర్చి, జాక్‌లతో లాగి, నిలువునా అడ్డంగా అన్ని దిశలలోను బిగించినారు.

కోమెండాంట్ ముక్కలు తయారయ్యే చోటికి వెళ్ళి, తయారీదారులతో కలిసి పనిచేసినారు. తత్ఫలితంగా పూర్తి అయిన కట్టడంలో ఒక ముక్కకు మరొక ముక్కకు మధ్య తేడా అంగుళంలో పదహారవ వంతుకు, అంటే సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లకు మించలేదు. ఫిట్టరు పని తెలిసిన మన సోదరులకు ఈ మాట విలువ వేరుగా చెప్పనక్కరలేదు. ఇది లేతు మీద తిప్పిన ఉక్కు కాదు, టన్నుల బరువున్న కాంక్రీటు.

లోపలివారి మాట

1961లో న్యూయార్కులోని ఆధునిక కళా ప్రదర్శనశాల ఈ ఒక్క భవనం మీదనే ఒక ప్రదర్శన ఏర్పాటు చేసినది. దేశదేశాల నుండి విద్యార్థులు చూడడానికి వచ్చేవారు. అదే కాలంలో లోపల ఏమి జరుగుతున్నది?

మూలల గాజు పలకల గుండా ఎండ నేరుగా పనిబల్ల మీద పడుతున్నది. సూక్ష్మదర్శినిలో చూసేవారికి మిరుమిట్లు, రసాయనాలకు వేడి. శాస్త్రజ్ఞులు చేతికందిన కాగితాలు, వెండిరేకులు అద్దాలకు అంటించుకున్నారు. తొడుగు కప్పు లేకుండా గొట్టాలను తెరచి ఉంచినందున వాటి మీద దుమ్ము పేరుకొని, పరిశుభ్రంగా ఉండవలసిన పాత్రలలో రాలుతున్నది. ట్రస్సుల గళ్ళు తెరచి ఉండడంతో ఒక గది శబ్దం మరొక గదికి పోతున్నది. కాన్ శాస్త్రజ్ఞులను తనవంటి శిల్పులుగా భావించినారు. శిల్పుల చిత్రలేఖనశాలలో అందరూ ఒకే విశాలమైన గదిలో కలిసి పనిచేస్తారు. పరిశోధకులు కూడా అలాగే చేస్తారని తలచి, అడ్డుగోడలు లేని అంతస్తులు ఇచ్చినారు. పరిశోధకులకేమో తమ పరికరం, తమ ఉష్ణోగ్రత, తమ చీకటి కావాలి. ఎవరికి వారు అడ్డుగోడలు కట్టుకున్నారు. శిల్పి ఊహించిన విశాలత కనుమరుగైనది.

తప్పంతా శిల్పిది అనడం న్యాయం కాదు. నిర్మాణం జరుగుతూ ఉండగానే నిధులు సరిపోక, ముందు అనుకున్న ఏర్పాట్లలో కొన్నింటిని తొలగించవలసి వచ్చినది. ఇది మనందరికీ తెలిసిన కథే. అంచనాలలో కోత పడినప్పుడు ముందుగా పోయేవి నీడనిచ్చేవి, శబ్దాన్ని ఆపేవి, మరమ్మతుకు వీలిచ్చేవి. అవి లేకపోయినా ప్రారంభోత్సవం నాటి ఛాయాచిత్రంలో ఏ లోటూ కనబడదు. మొదటి వేసవిలో కనబడుతుంది.

నా ఉద్యోగ జీవితపు తొలి సంవత్సరాలలో ఒకచోట ఇటువంటిదే ఒక రసాయన పరీక్షాశాలను చూసినాను. పడమటి గోడ నిండా కిటికీలు. మధ్యాహ్నం మూడు దాటితే టైట్రేషనులో రంగు మారే క్షణం కంటికి ఆనేది కాదు. కెమిస్టులు డ్రాయింగు ఆఫీసు నుండి పనికిరాని అమ్మోనియా ప్రింట్లు తెచ్చి అద్దాలకు అంటించుకున్నారు. తనిఖీకి పెద్దలు వచ్చిన ప్రతిసారీ వాటిని చింపివేయడం, వారు వెళ్ళగానే మళ్ళీ అంటించడం. ఈ తంతు రెండేళ్ళు సాగినది. కాగితాలు అంటించడం క్రమశిక్షణారాహిత్యమని ఒక సర్క్యులరు కూడా వచ్చినది. చివరకు కిటికీల పైన రెండు అడుగుల సజ్జా, పక్కన నిలువు రేకులు పెట్టిన తరువాత కాగితాలు వాటంతట అవే పోయినవి. ఆ అంటించిన కాగితం నిజానికి ఒక నివేదిక. భవనంలో ఎక్కడ లోపం ఉన్నదో, ఏ గంటకు బాధిస్తున్నదో అది చెబుతూనే ఉన్నది. దానిని అలా చదవడానికి రెండేళ్ళు పట్టినది.

ఫిలడెల్ఫియాలో అద్దాలకు అంటిన వెండిరేకును చూసినప్పుడు బయటివారికి అది అందానికి మచ్చగా తోచి ఉంటుంది. చదవగలిగినవారికి అందులో తరువాతి భవనపు పాఠం ఉన్నది.

నేర్చుకున్న పాఠం

ఆ పాఠాన్ని కాన్ నేర్చుకున్నారని చెప్పడానికి నిదర్శనాలు ఉన్నాయి. పోలియో టీకాతో ప్రసిద్ధులైన డాక్టర్ జోనాస్ సాల్క్ 1959లో కాన్‌ను కలిసి, కాలిఫోర్నియాలోని లా హోయాలో తన పరిశోధన సంస్థ భవనాలను ఆయనకు అప్పగించినారు. 1965 నాటికి పూర్తి అయిన ఆ భవనాలలో గొట్టాలు శాస్త్రజ్ఞుల తల మీద వేలాడవు. ప్రతి ప్రయోగశాల అంతస్తు పైన, మనిషి నిలబడి పనిచేయగలిగినంత ఎత్తుగల గొట్టాల అంతస్తు ఒకటి వేరుగా ఉన్నది. కింద ప్రయోగం ఆగకుండానే పైన మరమ్మతు చేయవచ్చును. సుమారు 65 అడుగుల వెడల్పున స్తంభం లేని గదులు. వాటిని మోసేవి మళ్ళీ కోమెండాంట్ వీరెండీల్ ట్రస్సులే. శాస్త్రజ్ఞుడు ఒంటరిగా ఆలోచించుకోవడానికి ప్రయోగశాలకు వెలుపల విడిగా అధ్యయన గదులు కట్టినారు. ఫిలడెల్ఫియాలో పరిశోధకులు తమంతట తాము అడ్డుగోడలు కట్టుకొని తెలిపిన కోరికకు ఇక్కడ జవాబు దొరికినది.

తరువాత ఆయన మన ఉపఖండానికి వచ్చినారు. 1962 నుండి అహమ్మదాబాదులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్ భవనాలు, ఢాకాలోని శాసనసభా భవనం ఆయన చేతిలో రూపుదిద్దుకున్నాయి. అహమ్మదాబాదులో ఆయనను ఆహ్వానించడంలో ప్రముఖపాత్ర వహించినవారు బాలకృష్ణ దోషి. ఆ రెండు చోట్లా గాజు బయటి అంచున నిలబడదు. మందమైన గోడలో పెద్ద పెద్ద వలయాకారపు రంధ్రాలు, వాటి వెనుక నీడ, ఆ నీడ వెనుక గది. ఎండను ముందే ఆపి, వెలుగును మాత్రమే లోనికి పంపే పద్ధతి. 1974 మార్చిలో అహమ్మదాబాదు నుండి తిరిగి వెళ్తూ న్యూయార్కు రైల్వేస్టేషనులో ఆయన ఆకస్మికంగా మరణించినారు. ఢాకా భవనం 1982లో పూర్తి అయినది.

ఉంచాలా, కూల్చాలా?

కట్టడం ముసలిదైనప్పుడు ఏమి చేయాలన్నది చివరి ప్రశ్న. అహమ్మదాబాదు సంస్థ 2020 డిసెంబరులో కాన్ కట్టిన వసతిగృహాలలో అధికభాగాన్ని కూల్చి కొత్తవి కట్టాలని సంకల్పించినది. ఇటుకలు శిథిలమవుతున్నాయని, 2001 భూకంపంలో దెబ్బతిన్నాయని, విద్యార్థుల భద్రత ముఖ్యమని సంస్థ వాదన. ప్రపంచం నలుమూలల నుండి నిరసన రావడంతో 2021 జనవరిలో ఆ ప్రతిపాదనను ఉపసంహరించుకున్నారు. 2022 నవంబరులో మళ్ళీ పునర్నిర్మాణం వైపే మొగ్గినారు. అదే ఆవరణలోని విక్రం సారాభాయ్ గ్రంథాలయానికి మాత్రం శ్రద్ధగా జీర్ణోద్ధరణ జరిగి, 2019లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం లభించినది. నివసించే విద్యార్థి తలపై పెచ్చు రాలుతుంటే కళాఖండమని ఊరుకోలేము. మరమ్మతుతో నిలిచేదానిని కూల్చి, తిరిగి రానిదాన్ని పోగొట్టుకోలేము. ఏ గోడ ఏ స్థితిలో ఉన్నదో కొలిచి చూసిన తరువాతనే ఈ రెండింటి మధ్య న్యాయం చెప్పగలము.

ఫిలడెల్ఫియావారు మరొక దారి తొక్కినారు. రిచర్డ్స్ భవనం, దాని పక్కనే 1965లో పూర్తి అయిన గోడార్డ్ జీవశాస్త్ర భవనం కలిపి 2009లో జాతీయ చారిత్రక కట్టడంగా గుర్తింపు పొందినవి. 2010ల దశకంలో విశ్వవిద్యాలయం రిచర్డ్స్ భవనానికి పునరుద్ధరణ చేపట్టినది. పాత అద్దాల స్థానంలో ఎండవేడిని తగ్గించే కొత్త అద్దాలు అమర్చినారు. అన్నిటికంటె తెలివైన నిర్ణయం మరొకటి ఉన్నది. ఆమ్లాలు, ఆవిరులు ఉండే పరిశోధనలను అక్కడి నుండి తరలించి, కంప్యూటర్లతోను లెక్కలతోను సాగే పరిశోధనలకు ఆ అంతస్తులను కేటాయించినారు. కంప్యూటరు ముందు కూర్చొనే పరిశోధకునికి నలుగురితో కలిసి పనిచేసే విశాలమైన గది ఇబ్బంది కాదు, అవసరం. కాన్ 1957లో ఏ శాస్త్రజ్ఞుని ఊహించుకున్నారో అతడు అర్ధశతాబ్దం గడిచాక వచ్చి కూర్చున్నాడు.

అది సాధ్యపడడానికి కారణం కోమెండాంట్. మధ్యలో స్తంభం లేదు కనుక అడ్డుగోడలు తీసివేస్తే 45 అడుగుల చదరం మళ్ళీ ఖాళీగా దొరికినది. తీగలతో బిగించిన కీళ్ళు చెక్కుచెదరకుండా నిలిచినవి కనుక భవనాన్ని కొత్త పనికి అప్పగించగలిగినారు. మొదటి వినియోగంలో విఫలమైన భవనం రెండవ వినియోగంలో నెగ్గుకురావాలంటే ఎముకలు గట్టివై ఉండాలి. పలుచని ఎముకల మీద మంచి అలంకారం చేసిన భవనానికి ఆ రెండవ అవకాశం రాదు.

మన సంగతి

మన సంస్థలోను ఈ సంవత్సరం పాత భవనాల ఆధునికీకరణ ప్రతిపాదనలు వరుసగా వస్తున్నాయి. ఆ కాగితాలు తయారుచేసే యువ ఇంజినీర్లకు మూడు మనవులు చేస్తాను.

మొదటిది, భవనపు పాత డ్రాయింగులను, ముఖ్యంగా లోపలి ఉక్కు వివరాలను వెదికి భద్రపరచండి. తీగ ఎక్కడున్నదో తెలియకుండా ప్రీస్ట్రెస్డ్ దూలానికి రంధ్రం పొడిస్తే ప్రాణాపాయం. కొత్త కేబుల్ ట్రే కోసమని డ్రిల్లు పట్టుకొనే ముందు ఆ పటం చేతిలో ఉండాలి.

రెండవది, ఖర్చు తగ్గించవలసి వచ్చినప్పుడు సజ్జాను, మరమ్మతు దారిని తగ్గింపుల జాబితాలో చివర పెట్టండి. ముఖద్వారపు పాలరాతిని మొదట పెట్టండి.

మూడవది, అంచనా రాయకముందే ఆ గదిలో రోజూ పనిచేసేవారి దగ్గర ఒక పూట కూర్చోండి. కెమిస్టును, టైపిస్టును, నేల తుడిచే ఆయమ్మను అడగండి. ఏ మూల ఎండ పడుతుందో, ఎక్కడ నీరు నిలుస్తుందో, ఏ కిటికీ ఎందుకు మూసి ఉంచుతున్నారో వారు చెబుతారు. అద్దానికి కాగితం అంటించి ఉంటే చింపకండి. ఏ వేళ ఎండకు అంటించారో అడిగి, ఆ గంటను మీ పుస్తకంలో రాసుకోండి.

వచ్చే సంచికలో మనకు మరింత దగ్గరి కట్టడాన్ని గురించి, నాగార్జునసాగర్ రాతి ఆనకట్టను గురించి మాట్లాడుకుందాం. ఆ నిర్మాణంలో పాల్గొన్న పెద్దలు మీ కుటుంబాలలో ఎవరైనా ఉంటే వారి జ్ఞాపకాలను సంపాదకవర్గం చిరునామాకు రాసి పంపవలసినదిగా కోరుతున్నాను.